యాసిడ్ దేంట్లో పోయాలి?

నాకు ఇంగ్లీషు బాగా వచ్చని నేను మనస్ఫూర్తిగా నమ్మిన రోజులు కొన్ని ఉండేవి. వాటిని స్వర్ణయుగం అందామనుకుంటాను గానీ, నేను జుట్టు నడినెత్తిన పాపిడి తీసి దువ్వుకున్నదీ ఆ యుగంలోనే కాబట్టి అనలేకపోతున్నాను. ఆ నమ్మకానికి ఆధారాలు లేకపోలేదు. రాయచోటిలో మా వీధికి ఇంగ్లీషులో ఏ కాగితం వచ్చినా చదివిపెట్టేవాణ్ణి నేనే. డిగ్రీ అయ్యాక ట్యుటోరియల్ కాలేజీలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పినవాణ్ణీ నేనే. నా క్లాసు జరుగుతుంటే పక్క గదిలో లెక్కల మాస్టారు పాఠం ఆపేసి కూర్చునేవాడు. (గౌరవంతో కాదు, మా పిల్లల అరుపులకు ఆయన మాట ఆయనకే వినపడక.)

మా వీధికి కువైట్ పరాయి దేశం కాదు, అవతలి వీధి. ప్రతి ఇంటి నుంచీ ఎవరో ఒకరు అక్కడుంటారు. మగవాళ్ళు స్టీరింగ్ పట్టుకోవడానికి వెళ్తారు, ఆడవాళ్ళు గరిటె పట్టుకోవడానికి వెళ్తారు. చాక్‌పీసు పట్టుకోవడానికి వెళ్తున్నవాడు తన కొడుకొక్కడేనని మా అమ్మ ఇంటింటికీ చెప్పి వచ్చింది. అసలు సంగతి ఏమిటంటే నేను వెళ్ళింది ఎం.ఎస్. చదవడానికి. అక్కడి ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్ళు నా ఫీజు మాఫీ చేసి, బదులుగా మొదటి సంవత్సరం పిల్లల కెమిస్ట్రీ ల్యాబులో పాఠం చెప్పమన్నారు. ఆ ఉద్యోగాన్ని టీచింగ్ అసిస్టెంట్ అంటారు. పాఠం ఉంటేనే సీటు, సీటు ఉంటేనే ఇఖామా (ఆ దేశంలో నిలబడనిచ్చే కార్డు), ఇఖామా ఉంటేనే వీధిలో అమ్మ తల ఎత్తుకు తిరగడం. ఒకదాని మీద ఒకటి బోర్లించిన గాజు గ్లాసుల్లాగా ఉండేది నా పరిస్థితి. "మావోడు ఆడ లెక్చరర్ అసిస్టెంటు" అని అమ్మ చెబితే, అసిస్టెంటు అన్న ముక్క వీధి మలుపు తిరగకముందే రాలిపోయేది.

ఫర్వానియాలో మా మేనమామ గదిలో దిగాను. మామ అల్ రాయ్‌లోని ఒక వర్క్‌షాపులో కార్లకు డెంటింగ్ చేస్తాడు. గదిలో ఉండే రెండో మనిషి టైలర్ భాయ్. ఆయనదీ రాయచోటే. నేను పాఠం చెప్పడానికి మొదటిసారి బయల్దేరిన రోజున భాయ్ నా చొక్కా మీద తనే ఇస్త్రీ పెట్టి, "సారూ, నలగనియ్యాకు. మా గది నుంచి పాఠం చెప్పనీకి పోయినోడు ఇంతవరకూ ల్యా," అన్నాడు. మామ మాత్రం, "యాసిడ్లు గీసిడ్లు అంటాండావు, చొక్కాదేముందిలే గానీ మొగం జాగర్త అల్లుడూ," అన్నాడు. ఇద్దరి సలహాల్లోనూ నేను చొక్కా సలహానే పాటించాను.

ఇక్కడ మా వైపు పాఠం చెప్పే పద్ధతి గురించి కొంచెం చెప్పాలి. అది పద్ధతి అని కూడా నాకప్పటికి తెలియదు. పాఠమంటే అంతే అనుకున్నాను. మాస్టారు వాక్యం మొదలుపెడతాడు. చివరి మాట దగ్గరికి వచ్చేసరికి ఆగి, చెయ్యి పైకెత్తి, కనుబొమలు ఎగరేస్తాడు. "సూర్యుడు తూర్పున ఉద...?" అంటాడు. "యిస్తాడూ!" అని తరగతి తరగతంతా పైకప్పు లేచిపోయేలా అరుస్తుంది. "నీరు మరిగితే ఆవి...?" "రీ!" మాస్టారు మొదలుపెట్టిన వాక్యాన్ని మాస్టారే ముగించడం మా వైపు మర్యాద కాదు. ఒంటికాయ సొంటికొమ్ములా వచ్చి తనే అన్నీ చెప్పేసుకుని పోయే మాస్టారుకు ఎవరూ దండం పెట్టరు. నేను ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా అలాగే విన్నాను, అలాగే చెప్పాను. నా వాక్యాలన్నీ చివర్లో తలుపు తెరిచి ఉంచిన ఇళ్ళు. ఎవరైనా లోపలికి రావచ్చు.

కువైట్‌లో ఎవరూ రాలేదు.

మొదటి పాఠం భద్రతా నియమాలు. గాఢమైన యాసిడ్‌ను పలచన చేయాలంటే యాసిడ్‌నే కొద్దికొద్దిగా నీళ్ళలో పోయాలి. తిరగేసి, నీళ్ళు తెచ్చి యాసిడ్‌లో పోస్తే అది కుతకుతలాడి మొహం మీదికి చిమ్ముతుంది. కెమిస్ట్రీలో ఇంకేం గుర్తున్నా లేకపోయినా ఈ ఒక్కటి గుర్తుండాలి. అందుకని గొంతు సవరించుకుని, బోర్డు ముందు నిలబడి, "ఆల్వేస్ యాడ్ యాసిడ్ టు...?" అని ఆగాను. చెయ్యి ఎత్తాను. కనుబొమలు ఎగరేశాను. తెల్ల కోట్లు వేసుకున్న కుర్రాళ్ళు నా వంక చూశారు. నేను వాళ్ళ వంక చూశాను. పైన ఏసీ ఒక్కటే ఏదో అంటోంది. జవాబు రాకపోతే మా వైపు ఏం చేస్తారు? అదే సగం వాక్యాన్ని ఇంకా గట్టిగా అంటారు. అన్నాను. అప్పటికీ రాకపోతే? చెవి దగ్గర చెయ్యి పెట్టి, ముందుకు వంగి, బతిమాలే గొంతుతో అంటారు. అదీ చేశాను. ముందు వరసలో ఒక కుర్రాడు, ల్యాబులోకి తేకూడదని ఎన్నిసార్లు చెప్పినా చేతిలో కాఫీ కప్పుతోనే వచ్చేవాడు, మెల్లగా లేచి నాకో కుర్చీ జరిపి, పక్కవాడి సంచిలోంచి సీసా తీసి, "వాటర్, సార్?" అన్నాడు. "కరెక్ట్! వాటర్!" అని పొంగిపోయాను. అతను సీసా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఎందుకు నిలబడ్డాడో నాకప్పుడు తట్టలేదు. సిగ్గరి అనుకున్నాను.

ఇలా ప్రతి పాఠంలోనూ, ప్రతి వాక్యం చివరా ఆగుతూ పోయాను. కొన్నాళ్ళకు విచిత్రంగా జవాబులు రావడం మొదలైంది. అరుపులు కావు, గుసగుసలు. ఒకడు అంటే ఇంకొకడు అందుకునేవాడు. దారిలో పడ్డారు, ఇంకొంచెం రుద్దితే రాయచోటి అయిపోతారు అని మురిసిపోతున్న సమయంలోనే మా డిపార్ట్‌మెంటు పెద్ద నన్ను పిలిపించాడు. ఆయన ప్రతి సమావేశాన్నీ రెండు అరచేతులూ దులుపుకుని 'ఖలాస్' అనే మాటతో ముగిస్తాడు కాబట్టి మేం అసిస్టెంట్లందరం ఆయనను ఖలాస్ సార్ అనుకునేవాళ్ళం.

"నీ మీద కంప్లైంట్ వచ్చింది. మంచివాడు గానీ మాటల కోసం వెతుక్కుంటున్నాడు అంటున్నారు. యాసిడ్‌ను దేంట్లో పోయాలో ల్యాబు టీచరుకే గుర్తురాలేదట. నిజమేనా?"

"నాకు తెలుసండీ. నీళ్ళలో."

"ఇప్పుడు చెబుతున్నావు సరే. అప్పుడెందుకు చెప్పలేదు?"

"వాళ్ళు చెబుతారని ఆగానండీ."

"వాళ్ళకు తెలిస్తే నువ్వెందుకు?"

బయటి దేశాల అసిస్టెంట్లందరికీ ఇంగ్లీషు మాట్లాడే కోర్సు ఒకటి పెట్టారనీ, అందులో చేరమనీ, చివర కమిటీ ముందు పాఠం చెప్పి చూపించాలనీ, బాగుంటే ల్యాబు నాదేననీ చెప్పాడు ఖలాస్ సార్. "బాగాలేకపోతేనండీ?" అన్నాను. ఆయన అరచేతులు దులుపుకున్నాడు. ఆ మాట కూడా అనలేదు. నా వాక్యాన్ని పూర్తి చేయాల్సిన పని నా మీదే పెట్టిన ఒకే ఒక్క పెద్దమనిషి ఆయన.

బయటి దేశాల వాళ్ళందరికీ అన్నారు గానీ అందరూ లేరు. మా డిపార్ట్‌మెంటులో అమెరికా నుంచి వచ్చిన అసిస్టెంటు ఒకడుండేవాడు. పెదవులు కదపకుండా, గడ్డంలోకి గొణుగుతాడు. అతని పాఠం అయ్యాక పిల్లలు నా దగ్గరికి వచ్చి "ఆయన ఏమన్నాడు సార్?" అని అడిగేవారు. అయినా అతన్ని ఏ కోర్సుకూ పంపలేదు. అతను అర్థం కాకపోతే లోపం చెవులది, మేం అర్థం కాకపోతే లోపం నోటిది. ఈ సూత్రం ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండదు గానీ అన్ని దేశాల్లోనూ పని చేస్తుంది. ఈజిప్టు నుంచి వచ్చిన ఫిజిక్స్ అసిస్టెంటును మాత్రం 'మామూలుగా మాట్లాడినా కోప్పడినట్టుంది' అన్న నేరానికి పంపారు. కోర్సు అయ్యేసరికి పాపం అతను కోప్పడినా మామూలుగా మాట్లాడినట్టే ఉండేది. అతని క్లాసులో అల్లరి అప్పుడే మొదలైంది.

కోర్సు చెప్పే ఆవిడ ఏదో చలిదేశం మనిషి. చాలా మంచిది. ప్రతి రెండో మాటకూ నోరు బాగా తెరవమంటుంది కాబట్టి నోరుతెరు మేడం అని పేరు పెట్టాం. పెదవుల ముందు టిష్యూ కాగితం వేలాడదీసుకుని 'ప' అంటే ఆ కాగితం ఎగరాలి. మనం 'ప' అంటే కాగితం కదలదు. ప పలకడానికి గాలి ఊదాలని మనకు ఎవరూ చెప్పలేదు మరి. ఇంటికొచ్చి గదిలో మంచం మీద కూర్చుని కాగితం ముందు పెట్టుకుని ప, ప, ప అంటుంటే మామ వంటగదిలోంచి తొంగి చూశాడు.

"ఏమిరా, జలుబా?"

"కాదు మామా, ఇంగ్లీషు."

"ఇన్ని దినాలు మాట్లాడింది ఏంది మరి?"

"అది కాగితం ఎగరని ఇంగ్లీషంట."

భాయ్ కుట్టు మిషను ఆపి, "కఫీల్‌తో నేను ఇరవై ఏండ్లుగా మాట్లాడతాండా, నా ముందర ఏ కాగితమూ ఎగరలా. పనైతే అయితాండాది," అన్నాడు. (కఫీల్ అంటే వీసా ఇప్పించిన యజమాని. ఆయన ముందు ఎగిరేవి కాగితాలు కావు, మన ప్రాణాలు.)

అసలు రోగం మాత్రం మేడమే పట్టుకుంది, నా పాఠం వీడియో తీసి చూపించినప్పుడు. తెర మీద నేను చెయ్యెత్తి, కనుబొమలు ఎగరేసి, ముందుకు వంగి నిలబడి ఉన్నాను. ఆవిడ వీడియో ఆపేసింది. "ఇక్కడ నువ్వు ఎవరి కోసం ఎదురుచూస్తున్నావు?" అంది. పిల్లల కోసం అన్నాను. మా పద్ధతి మొత్తం వివరించాను. ఆవిడ శ్రద్ధగా విని, చాలా మెత్తగా, "ఇక్కడ అది అలా కనిపించదు. పడిపోతున్న మనిషిలా కనిపిస్తుంది. నువ్వు మొదలుపెట్టింది నువ్వే ముగించు," అంది. తెర మీది మనిషిని మళ్ళీ చూశాను. కరెంటు పోయిన లిఫ్టులో ఎవరైనా తలుపు తీస్తారేమోనని నిలబడ్డవాడిలాగానే ఉన్నాడు.

ఇక గదిలో అభ్యాసం. సాయంత్రం బియ్యం పొయ్యి మీద పెట్టాక మామనూ భాయ్‌నూ మంచం మీద పక్కపక్కన కూర్చోబెట్టి, తలుపుకు వేలాడదీసిన తువ్వాలునే బోర్డనుకుని పాఠం మొదలుపెట్టేవాణ్ణి. వాళ్ళిద్దరూ మా వైపు సర్కారు బడిలో చదివినవాళ్ళు. నేను మొదటిరోజు యాసిడ్ సంగతి ఇంగ్లీషులోనూ తెలుగులోనూ చెప్పాను. అంతే, ఇంక దాన్ని నేను ముగించడానికి వాళ్ళు ప్రాణం పోయినా ఒప్పుకోలేదు.

"ఆల్వేస్ యాడ్ యాసిడ్ టు..."

"వాటర్!" ఇద్దరూ ఒకేసారి.

"మీరు చెప్పాకండి! నేనే చెప్పాల."

"సరే సరే, చెప్పు."

"ఆల్వేస్ యాడ్ యాసిడ్..."

"టు వాటర్!"

"మామా!"

"ఏందిరా నీ గోల? తప్పు చెప్పినామా?"

"తప్పు కాదు. మీరు నోరు మూసుకోని ఉండాల. ఆడ కమిటీ ఉలకదు, పలకదు."

భాయ్ నొచ్చుకున్నాడు. "సారు చెప్తాంటే పలకకుండా మిడిగుడ్లేసుకోని చూడాల్నా? అదేం మర్యాద సారూ?" మామ లేచి అన్నం గంజి వార్చడానికి పోతూ, "మేం పలకకూడదంటే మేమెందుకబ్బా? ఆ తువ్వాలుకే చెప్పుకో. అదైతే బాగా ఇంటాది," అన్నాడు. చివరికి తువ్వాలుకే చెప్పుకున్నాను. వాక్యాన్ని చివరిదాకా మోసుకెళ్ళి, గొంతు దించి, బియ్యం మూట దించినట్టు దించి, వెనక్కి చూడకుండా తరువాతి వాక్యానికి వెళ్ళిపోవాలి. ఎంత కష్టమంటే, ముగించిన ప్రతిసారీ ఎవరి కంచంలోదో ముద్ద తీసుకుని తిన్నట్టుండేది.

కమిటీ ముందు పరీక్ష రోజున ముగ్గురు పెద్దలు చెక్కిన బొమ్మల్లా కూర్చున్నారు. నేను ఒక్క వాక్యం కూడా ఎవరికీ మిగల్చలేదు. యాసిడ్‌ను నేనే నీళ్ళలో పోశాను, నేనే కలిపాను, నేనే కడిగేశాను. కాగితమేదైనా ఉంటే అది ఊరి చివర దజీజ్ గోదాముల దాకా ఎగిరేది. మేడం కళ్ళు చెమర్చాయి. "చాలా స్పష్టంగా ఉంది. ఖలాస్," అన్నాడు ఖలాస్ సార్, ఈసారి శుభవార్తగా. అమ్మకు ఫోన్ చేశాను.

"పాసైనామ్మా."

"ఏం పరీక్షరా?"

"మాట్లాడే పరీక్ష."

"నీకా? చిన్నప్పుడు నీ నోరు మూపించలేక సస్తాంటి కదరా. దానికింకో పరీక్షనా?"

సీటు నిలిచింది, ఇఖామా నిలిచింది, గ్లాసుల దొంతర కూలలేదు. తరువాత నా ల్యాబులో కంప్లైంట్లు ఆగిపోయాయి. వాటితో పాటు గుసగుసలూ ఆగిపోయాయి. నేను వాక్యం మొదలుపెట్టి, మోసి, దించేవాణ్ణి. వాళ్ళు బల్లల కింద ఫోన్లు చూసుకునేవారు. తలలెత్తినా ఆ చూపుల్లో పాత ఆత్రం లేదు. కదిలే బస్సును చూసినట్టు చూసేవారు. నా ఇంగ్లీషు ఇంత బాగుపడ్డాక వినేవాళ్ళు ఇంత తగ్గడం ఏమిటో అర్థం కాలేదు. ఆఖరికి వాళ్ళు అమెరికావాడికి అలవాటు పడినట్టు నాకూ అలవాటు పడ్డారని సరిపెట్టుకున్నాను. ఒక విధంగా అది ప్రమోషనే.

టర్ము చివరి ల్యాబు అయ్యాక కాఫీ కప్పు కుర్రాడు ఒక్కడే ఆగాడు. గాజు సామాను సర్దుతుంటే దగ్గరికి వచ్చి ఇంగ్లీషులోనే, మొహమాటపడుతూ అడిగాడు.

"సార్, ఏమీ అనుకోకండి. మీకు పూర్తిగా నయమైనట్టేనా?"

"ఏది నయమవడం?"

"అదే, మాటలు మర్చిపోవడం. ఆ కంప్లైంట్ రాసింది నేనే. కోపంతో కాదు సార్. మా తాతకు కూడా మొదట్లో ఇలాగే ఉండేది. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగి, చెయ్యెత్తి, మా మొహాల్లోకి చూసేవాడు. మేం అందించేవాళ్ళం. మీకేదైనా సాయం చేస్తారేమోనని రాశాను."

నాకు నోట మాట రాలేదు. ఇది మాత్రం నిజంగానే రాలేదు.

"అప్పుడు మేమంతా ఒక ఏర్పాటు చేసుకున్నాం," అన్నాడు అతను. "మీ క్లాసుకు ముందు రోజే పాఠం పంచుకుని చదువుకొచ్చేవాళ్ళం. మీరు ఆగితే దగ్గరున్నవాడు అందించాలి. పైకి అరిస్తే మీరు నొచ్చుకుంటారని మెల్లగా. యాసిడ్ నీళ్ళలోనే పోయాలని నేను చచ్చేదాకా మర్చిపోను సార్. ఆ రోజు మీ మొహం చూసి ఇంటికెళ్ళి వెతికాను."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు మీరే అన్నీ చెప్పేస్తున్నారు కదా సార్," అన్నాడు సంతోషంగా. "ఇప్పుడు చదవక్కర్లేదు."

నాకు నయమైనందుకు దేవుడికి కృతజ్ఞతలు చెప్పి, ఖాళీ కప్పు నా బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయాడు. యూనివర్సిటీ నాకు ఇచ్చిన సర్టిఫికెట్లలో అంత నిజాయితీ గలది ఇంకొకటి లేదు.

తరువాతి టర్ములో కొత్త పిల్లల ముందు మళ్ళీ ఆగి చూద్దామని ప్రయత్నించాను. కుదరలేదు. వాక్యం చివరికి వచ్చేసరికి, నేను చెయ్యి ఎత్తేలోపలే, గొంతు తనంతట తనే దిగి మూట దించేసేది. నోరుతెరు మేడం పని అంత గట్టిగా చేసింది. రెండేళ్ళూ అలాగే స్పష్టంగా, పూర్తిగా, ఎవరికీ అవసరం లేకుండా పాఠం చెప్పి ఎం.ఎస్. పట్టా పుచ్చుకున్నాను.

ఇప్పుడు దజీజ్‌లో, శుభ్రం చేసే రసాయనాలు నిల్వచేసే ఒక గోదాములో భద్రతాధికారిని. (అమ్మ లెక్కలో ఇంకా లెక్చరర్‌నే.) వారానికోసారి పనివాళ్ళను నిలబెట్టి జాగ్రత్తలు చెప్పాలి, అదీ ఇంగ్లీషులోనే చెప్పాలని నియమం. వాళ్ళలో సగం మంది కడప, రాయచోటి వాళ్ళే. ఎన్నో వారాలు స్పష్టంగా చెప్పాను, వాళ్ళు స్పష్టంగా ఆవులించారు. మొన్నటి వారం నాకే విసుగొచ్చి ఇంగ్లీషు పక్కన పెట్టి, "ఏమప్పా, యాసిడ్‌ను ఎప్పుడు గానీ..." అన్నాను. అక్కడ నా నోరు ఎలా ఆగిందో తెలియదు, ఆగింది. చెయ్యి దానంతటదే లేచింది.

"నీళ్ళలో పొయ్యాల సార్!"

గోదాము రేకులు అదిరాయి. పక్క గోదాము వాళ్ళు బయటికొచ్చి చూశారు. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. అక్కడ అమ్మోనియా డబ్బాలు కూడా ఉన్నాయి కాబట్టి కారణం రూఢిగా చెప్పలేను.

వెనకాల మా హెడ్డాఫీసు నుంచి తనిఖీకి వచ్చిన పెద్దమనిషి నిలబడి ఉన్నాడని నేను చూసుకోలేదు. అంతా అయ్యాక ఆయన నన్ను పక్కకు తీసుకెళ్ళి, భుజం మీద చెయ్యి వేసి, చాలా దయగా, అందరి ముందు మాట్లాడేటప్పుడు మధ్యలో తడబడటం సిగ్గుపడాల్సిన విషయం కాదనీ, కంపెనీ ఖర్చుతో మంచి స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సు ఉందనీ, కావాలంటే చేర్పిస్తాననీ అన్నాడు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ నాకు నడినెత్తిన పాపిడి తీసుకుని, నలగని చొక్కాతో, చెయ్యి పైకెత్తి, ఎవరో ఒకరు వస్తారని కనుబొమలు ఎగరేసి నిలబడ్డ ఒక కుర్రాడు కనిపిస్తూనే ఉన్నాడు. పిచ్చివాడు. వాడి కోసం ఒక క్లాసు క్లాసంతా రాత్రిపూట చదువుకుని వచ్చిందని కూడా తెలియదు వాడికి.

"థాంక్యూ సార్. ఐ విల్ డెఫినెట్లీ..." అన్నాను, పెద్దమనిషి కళ్ళలోకి చూస్తూ.

అని, అక్కడ ఆగాను. ఆయన పాపం, కాసేపు ఎదురుచూసి, నాకో కుర్చీ జరిపాడు.